కిడ్నాప్ ప్రేమకథ కొనేముందు ఎవరి అభిప్రాయం మేలు?

మిగతా నవలలకు కాస్తో కూస్తో పనికొచ్చే స్టార్ల సగటు, కిడ్నాప్ చుట్టూ తిరిగే రొమాంటిక్ సస్పెన్స్ దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేస్తుంది. ఒకే సీను చదివి ఒకరు ఐదు స్టార్లు వేస్తారు, ఇంకొకరు ఒక్క స్టారు పడేసి పుస్తకం మూసేస్తారు. ఎత్తుకెళ్లినవాడే కథానాయకుడైన నవలల్లో ఇది మరీ ఎక్కువ. ఐదునూ ఒకటినీ కలిపి సగటు తీస్తే వచ్చే మూడు ఆ ఇద్దరిలో ఎవరి మాటా కాదు. ఒక గిన్నెలో ఉప్పు లేని పప్పు, ఇంకో గిన్నెలో ఉప్పు కషాయం, సగటున ఉప్పు సరిపోయిందని చెప్పడం లాంటిది.

అందుకని ఎన్ని స్టార్లు వచ్చాయని కాకుండా, ఎవరు ఎక్కడ ఏం రాశారని చూడాలి. ఆన్‌లైన్‌లో పాఠకుల మాట దొరికే చోట్లు ప్రధానంగా నాలుగు: గుడ్‌రీడ్స్, అమెజాన్, స్టోరీగ్రాఫ్, తెలుగు సీరియళ్లకైతే ప్రతిలిపి. నాలుగూ ఒకటే పని చేయవు.

వాటికంటే ముందు తేల్చుకోవలసింది, ఎత్తుకెళ్లింది ఎవరన్నది. ఒక రకంలో దుండగుడు వేరు, నాయకుడు వేరు. నాయకుడు పోలీసో, మాజీ సైనికుడో అయ్యుండి నాయికను వెతికి తెస్తాడు. రెండో రకంలో పోయింది పిల్ల లేదా చెల్లెలు. ఎప్పుడో విడిపోయిన జంట వెతకడం కోసం మళ్లీ కలుస్తుంది. మూడో రకంలో బంధించినవాడే ప్రేమికుడు. ఇంగ్లీషు పాఠకులు దీన్ని డార్క్ రొమాన్స్ అరలో పెడతారు. అట్ట వెనక నాలుగు వాక్యాల్లో మొదటి రకానికీ మూడో రకానికీ తేడా తెలియకుండా రాయడం ప్రచురణకర్తలకు వెన్నతో పెట్టిన విద్య. "ఆమె ప్రాణం అతని చేతుల్లో" అంటే కాపాడే చేతులా, కట్టేసిన చేతులా? మొదటి రకం అనుకుని మూడో రకం కొన్నవాళ్ల కోపమే ఒక-స్టారు సమీక్షల్లో పెద్ద వాటా. ఆ కోపం అట్ట మీది మాటల మీద, కథ బాగోగుల మీద కాదు.

ఈ తేడా తేల్చడంలో స్టోరీగ్రాఫ్‌కు సాటి లేదు. నదియా ఒడునాయో మొదలుపెట్టిన ఈ చోట పాఠకులు పుస్తకంలో ఉన్న హింసను పేరుపేరునా గుర్తిస్తారు: కిడ్నాప్, నిర్బంధం, లైంగిక హింస, తుపాకీ, ఇలా. ఒక్కోదాన్నీ తీవ్రం, మధ్యస్థం, స్వల్పం అని మూడు మెట్లలో పెడతారు. కిడ్నాప్ ఒక్కటే తీవ్రం కింద ఉండి మిగతావి స్వల్పంలో ఉంటే అది ఎక్కువగా వెతుకులాట కథ. నిర్బంధం, లైంగిక హింస కూడా తీవ్రంలో చేరితే మూడో రకమని దాదాపు నిశ్చయంగా అనుకోవచ్చు. కథ వేగం ఎంత, కథను నడిపేది సంఘటనలా పాత్రలా అన్న ప్రశ్నలకూ అక్కడ పాఠకుల ఓట్లు కనిపిస్తాయి. సస్పెన్స్ కోసం కొనేవాళ్లు "నెమ్మది" అన్న ఓటు ఎక్కువగా ఉంటే కాస్త ఆగాలి. పావు స్టారు కూడా వేసే వీలుంది కాబట్టి మూడుంబావుకీ మూడున్నరకీ మధ్య తటపటాయింపు కూడా అంకెలో తెలుస్తుంది. లోటల్లా ఒకటే, పాఠకుల సంఖ్య తక్కువ. పెద్దగా పేరులేని నవలకు పట్టుమని పది మాటలు కూడా దొరక్కపోవచ్చు.

గుడ్‌రీడ్స్ బలం ఆ సంఖ్యే. 2007లో మొదలై 2013లో అమెజాన్ చేతికి వెళ్లింది. ఇక్కడ అర స్టార్లు లేవు. ముఖ్యంగా గుర్తుంచుకోవలసింది, గుడ్‌రీడ్స్ లెక్కలో రెండు స్టార్లంటే ఫర్వాలేదు, మూడంటే నచ్చింది. అమెజాన్‌లో అదే మూడు స్టార్లను విమర్శల కుప్పలో వేస్తారు. ఒకే పాఠకుడు రెండు చోట్లా మూడే వేసినా ఒకచోట మెప్పు, ఇంకోచోట పెదవి విరుపు. రెండు సైట్ల సగటులు పక్కపక్కన పెట్టి ఇది మెరుగు, అది తరుగు అనడంలో అర్థం లేనిది ఇందుకే.

గుడ్‌రీడ్స్‌లో పైన కనిపించే పొడుగాటి సమీక్షలు లైకులు ఎక్కువ వచ్చినవి. లైకులు ఎక్కువ వచ్చేది చమత్కారంగా తిట్టినవాళ్లకు, బొమ్మలు పెట్టి ఊగిపోయినవాళ్లకు. అవి దాటి రెండు, మూడు స్టార్లవి మాత్రమే కనిపించేలా వడకట్టి చదవాలి. పుస్తకం చివరిదాకా చదివి, నచ్చిందేమిటో నచ్చనిదేమిటో విడదీసి చెప్పేది ఎక్కువగా వాళ్లే. ఇంకో చిక్కు కూడా ఉంది. పుస్తకం విడుదల కాకముందే స్టార్లు వేసే వీలుంది. 2023లో ఒక ప్రసిద్ధ అమెరికన్ రచయిత్రి ఇంకా రాని నవలకు, కథ రష్యాలో జరుగుతుందన్న కారణంతో ఒక-స్టార్ల వాన కురిస్తే, ఆమె దాని విడుదలే ఆపేశారు. అంటే తేదీ చూడకుండా గుడ్‌రీడ్స్ మాట నమ్మకూడదు. విడుదలకు ముందు నిజంగా చదివినవాళ్లూ ఉంటారు. సమీక్ష కోసం ముందస్తు ప్రతి ఉచితంగా అందినవాళ్లు వాళ్లు. ఆ సంగతి సమీక్షలోనే చెబితే మర్యాద. చెప్పినా, ఉచిత ప్రతి అందుకున్న చేయి నాలుగు స్టార్ల కిందికి దిగడానికి కాస్త మొహమాటపడుతుందని లెక్కలో వేసుకోవాలి.

అమెజాన్ సంగతి వేరు. అక్కడి సగటు మామూలు కూడికా భాగహారం కాదు. ఎప్పుడు రాశారు, కొన్నది నిజమేనా వంటివాటికి బరువులిచ్చి యంత్రం కడుతుంది. కొన్నట్టు ధ్రువీకరించిన ముద్ర చూసి నమ్మేవాళ్లు ఎక్కువ. కానీ ఈ రకం నవలలు చదివేవాళ్లలో చాలామంది కిండిల్ అన్‌లిమిటెడ్ చందాతో అరువు తెచ్చుకుని చదువుతారు, అరువు పుస్తకానికి ఆ ముద్ర పడదు. ముద్ర లేని ప్రతి మాటా దొంగ మాట కాదు. దానికితోడు కిండిల్ ప్రతి, అచ్చు ప్రతి, ఆడియో, అన్నిటి సమీక్షలూ ఒకే చోట పడతాయి. "అట్ట చిరిగి వచ్చింది" అన్న ఒక్క స్టారూ, "చదివినామె గొంతు బాగాలేదు" అన్న రెండు స్టార్లూ కథ ఖాతాలోనే జమ అవుతాయి. కాబట్టి అమెజాన్ సమీక్షలు కాగితం, అచ్చుతప్పులు, ధర వంటి విషయాలకు మేలు, కథకు మధ్యరకం. అమెజాన్‌లో అసలు విలువైనది ఉచిత నమూనా. కిండిల్ నమూనా సాధారణంగా పుస్తకంలో పదో వంతు. మూడు వందల పేజీల నవలకు ముప్ఫై పేజీలన్నమాట. ఆ ముప్ఫై పేజీల్లో కిడ్నాప్ జరగకపోయినా, కనీసం ఆ ముప్పు వాసనైనా తగలకపోతే, "మొదలవడానికి వంద పేజీలు పట్టింది" అన్న సమీక్షను నమ్మేయవచ్చు.

ప్రతిలిపి వ్యాఖ్యలు ఇంకో లోకం. సీరియల్‌గా వస్తుంది కాబట్టి పాఠకులు పుస్తకానికి కాకుండా భాగానికి మార్కులు వేస్తారు. "సూపర్", "తర్వాతి భాగం త్వరగా పెట్టండి" అన్నవి ఆత్రానికి కొలతలు. ఉత్కంఠ నిలబడిందని చెప్పడానికి అవి మంచి సాక్ష్యమే, ముగింపు గురించి మాత్రం ఏమీ చెప్పవు. మొదటి భాగం కింద అందరూ పొగుడుతారు. కథ సగం దాటాక వచ్చే భాగాల కింద చూడాలి. "సాగదీస్తున్నారు", "మళ్లీ కిడ్నాపేనా" అన్న మాటలు అక్కడే మొదలవుతాయి. వారాల తరబడి సాగే సీరియల్‌లో నాయికను రెండోసారి, మూడోసారి ఎత్తుకెళ్లడం రచయితలకు తేలికైన దారి, పాఠకులకు విసుగొచ్చే దారి.

ఇక సమీక్షల్లో తరచుగా కనిపించే ఫిర్యాదులు. ఇక్కడ కాస్త నిలబడాలి, ఎందుకంటే ఒకే ఫిర్యాదు ఒక రకం నవలకు ప్రాణాంతకం, ఇంకో రకానికి లెక్కలోకే రాదు.

"ముందే తెలిసిపోయింది" అన్న మాటను తీసుకోండి. అమెరికా రొమాన్స్ రచయితల సంఘం నిర్వచనంలోనే ప్రేమకథ కేంద్రంగా ఉండాలి, ముగింపు ఆశాజనకంగా ఉండాలి అని ఉంది. కాబట్టి జంట కలుస్తుందని ముందే తెలియడం తప్పు కాదు, షరతు. ఎత్తుకెళ్లినవాడు ఎవరో యాభయ్యో పేజీకే తెలిసిపోయిందంటే మాత్రం సస్పెన్స్ సగం చచ్చినట్టే. సమీక్షకుడు ఈ రెండింటిలో ఏది తెలిసిపోయిందంటున్నాడో చూసుకోవాలి.

రెండో రకం నవలల మీద వచ్చే పెద్ద అభ్యంతరం ఇది: "అక్కడ పిల్ల కనిపించక ఛస్తుంటే ఇక్కడ వీళ్లకు ముద్దులా?" ఇది న్యాయమైన ఫిర్యాదు, రచనలో నిజమైన లోపం. పిల్ల దొరకకముందు ప్రేమ సీను పెట్టాలంటే దానికి కారణం కథలోనే ఉండాలి, భయమో, అలసటో, పాత గాయమో. ముగ్గురు నలుగురు పాఠకులు వేర్వేరుగా ఇదే రాస్తే ఆ పుస్తకం పక్కన పెట్టేయవచ్చు.

"స్టాక్‌హోమ్ సిండ్రోమ్‌ను ప్రేమ అంటున్నారు" అన్నది మూడో రకం మీద విసిరే రాయి. 1973 ఆగస్టులో స్టాక్‌హోమ్ బ్యాంకులో నలుగురు ఉద్యోగులు ఆరు రోజులు బందీలుగా ఉండి, బంధించినవాళ్ల పక్షాన మాట్లాడటంతో పుట్టిన మాట అది. అమెరికా మానసిక వైద్యులు వాడే డీఎస్‌ఎం పుస్తకంలో అదొక జబ్బుగా లేదు. సమీక్షల్లో దాన్ని తిట్టుగా వాడతారు తప్ప వివరంగా వాడరు. వివరం ఇచ్చే సమీక్షలు ఇంకోలా ఉంటాయి: ప్రేమ మాట ఎన్నో రోజున వచ్చింది, తలుపు తెరిచి ఉన్నప్పుడు ఆమె ఏం చేసింది, బయటపడి తన ఇంట్లో తన కాళ్ల మీద నిలబడ్డాక కూడా అతన్ని కోరుకుందా, అతను చేసినదానికి శిక్షో పశ్చాత్తాపమో ఉందా. ఈ నాలుగింటిలో రెండింటికైనా జవాబిచ్చే సమీక్ష, నచ్చిందన్నా నచ్చలేదన్నా, పది "అద్భుతం"ల పెట్టు.

"లాజిక్ లేదు" అన్న మాట వెనక ఉదాహరణ ఉందా అన్నది చూడాలి. ఉదాహరణలు దాదాపు ఎప్పుడూ అవే. క్లోరోఫామ్ రుమాలు ముక్కు దగ్గర పెట్టగానే రెండు క్షణాల్లో పడిపోవడం ఒకటి. నిజంగా స్పృహ తప్పాలంటే నిమిషాలు పడుతుంది. ఇరవై నాలుగు గంటలు ఆగి రమ్మనే పోలీసు ఇంకొకటి. అమెరికాలో పిల్లలు కనిపించకపోతే అలా ఆగకూడదని 1990లోనే చట్టం చేశారు. మన దగ్గర 2013లో సుప్రీంకోర్టు, పిల్లలు కనిపించకపోతే కిడ్నాప్ లేదా అక్రమ రవాణా అనే భావించి ఎఫ్‌ఐఆర్ కట్టాలని చెప్పింది. ఫోను పట్టుకోవాలంటే దుండగుణ్ణి నిమిషం మాటల్లో పెట్టాలన్నది మూడోది. మొబైల్ కాల్ కలవగానే నంబరు, టవరు వివరం కంపెనీ లెక్కల్లో పడిపోతాయి. డబ్బు కోసం ఎత్తుకెళ్లడం మన దగ్గర 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహిత 140వ సెక్షన్ కిందికి వస్తుంది. ఆ తర్వాతి కాలంలో నడిచే తెలుగు సీరియల్‌లో కొత్త కేసుకు ఎస్సై ఇంకా పాత ఐపీసీలోని 364ఏ అంటుంటే, రచయిత వాకబు చేయలేదని తెలిసిపోతుంది. ఇలాంటివి రెండు మూడు దొర్లితే వెతుకులాట కథకు పెద్ద దెబ్బే, ఎందుకంటే అక్కడ పాఠకుడి ఆసక్తంతా ఎలా పట్టుకున్నారన్న దాని మీదే. బంధించినవాడే ప్రేమికుడైన కథలో పోలీసు గుమ్మం కూడా తొక్కడు కాబట్టి ఆ తప్పులు అంతగా గుచ్చుకోవు.

ఏది మేలంటే, పని బట్టి వరస ఉంది. రకం తేల్చుకోవడానికి ముందు స్టోరీగ్రాఫ్ హెచ్చరికలు, రెండు నిమిషాల పని. తర్వాత గుడ్‌రీడ్స్‌లో విడుదల తేదీ తర్వాత వచ్చిన రెండు, మూడు స్టార్ల సమీక్షలు ఓ అయిదారు. ఒకే ఫిర్యాదు ఎంతమంది నోట వినిపిస్తోందో లెక్కపెట్టాలి. అమెజాన్‌లో సమీక్షలు వదిలేసి నమూనా చదవాలి. స్టోరీగ్రాఫ్‌లో పుస్తకమే లేకపోతే గుడ్‌రీడ్స్‌లో పాఠకులు దాన్ని ఏ పేర్ల అరల్లో పెట్టుకున్నారో చూస్తే రకం తెలుస్తుంది. ఒక్క చోటే చూసే ఓపిక ఉన్నవాళ్లకు గుడ్‌రీడ్స్ మూడు స్టార్లే నయం. హింస విషయంలో మనసు తట్టుకోలేనివాళ్లు మాత్రం ఎంత తొందరలో ఉన్నా స్టోరీగ్రాఫ్ దాటవేయకూడదు, మిగతా చోట్ల ఆ సంగతి చెప్పేవాళ్లు చెబుతారు, చెప్పనివాళ్లు చెప్పరు. బహుమతిగా ఇవ్వడానికైతే మరీను. పుచ్చుకునేవాళ్లకు వాపసు ఇచ్చే వీలుండదు. ప్రతిలిపి సీరియల్‌కు ఇవేవీ పనిచేయవు. "సమాప్తం" పడేదాకా ఆగి, ముందుగా ఆఖరి భాగం కింది వ్యాఖ్యలు చదివి, అప్పుడు మొదటి భాగం తెరవాలి. జంట కలిసిందని తెలిసిపోతుందంటారా, అది ఎలాగూ తెలిసిందే.