ఎన్‌ఐఎన్ ఆహార మార్గదర్శకాలు: పళ్లెం లెక్క భేష్, ప్యాకెట్ దగ్గరే పేచీ

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్) 2024 మేలో విడుదల చేసిన 17 సూత్రాల పుస్తకమిది. పీడీఎఫ్ ఉచితం, తప్పకుండా చదవండి. కాకపోతే పళ్లెం గురించి సూటిగా చెప్పిన పుస్తకం, ప్యాకెట్ దగ్గరికొచ్చేసరికి 'లేబుల్ చదువుకోండి' అని భారం కొనేవాళ్ల మీదే వేసింది.

రోజుకు 2000 కేలరీలకు బియ్యం, గోధుమలు, చిరుధాన్యాలు అన్నీ కలిపి 250 గ్రాములు, పప్పులు 85, ఆకుకూరలతో సహా కూరగాయలు 400, పండ్లు 100, గింజలు 35, నూనె 27, పాలు 300 మిల్లీలీటర్లు. ఇవి వండకముందు తూకాలు. అన్నం వండాక 250 గ్రాములు తూస్తే అర్ధాకలే. మన ఇళ్లలో లోటు పప్పు దగ్గరే. పలచటి పప్పుచారు రెండు గరిటెలతో 85 గ్రాములు తేలవు. తెలంగాణ రేషన్‌లో మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం, అంటే రోజుకు 200 గ్రాములు, ఉచితంగా వస్తాయి. కందిపప్పు మాత్రం కిరాణా ధరకే. భోజనానికి గంట ముందూ వెనకా చాయ్ వద్దన్న సలహా, ఈ ఊరు వినే మాట కాదు లెండి.

ఇక అసలు పేచీ. చక్కెర రోజుకు 20–25 గ్రాములు దాటొద్దంటుంది ఎన్‌ఐఎన్. లేబుల్ నిబంధనలు రాసేది కేంద్ర ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ. రెండూ ఆరోగ్య శాఖ గొడుగు కిందివే. అయినా 2020 నిబంధనల్లో ప్యాకెట్ మీది శాతాలకు ఆధారం రోజుకు 50 గ్రాముల అదనపు చక్కెర. సర్వింగ్‌లో, అంటే ఒకసారి తినే కొలతలో, 10 గ్రాములుంటే ప్యాకెట్ 20 శాతమంటుంది, తార్నాక లెక్కలో అది కనీసం 40. ఆ సర్వింగ్ రెండు బిస్కెట్లని రాసి ఉంటే, నాలుగు తినేవాళ్లు మళ్లీ రెట్టింపు వేసుకోవాలి.

ప్యాకెట్ ముందువైపు హెచ్చరిక గుర్తు వేయండని ఆరోగ్య సంఘాలు అడిగితే, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2022 సెప్టెంబరు ముసాయిదాలో దానికి బదులు నక్షత్రాల రేటింగ్ వచ్చింది. పీచు, ప్రొటీన్, గింజలకు మార్కులు కలుస్తాయి కాబట్టి తీపి బిస్కెట్‌లో నాలుగు బాదం పలుకులు చల్లితే లాభమే. చిలీ 2016 నుంచే చక్కెర, ఉప్పు, కొవ్వు ఎక్కువున్న ప్యాకెట్ల మీద నల్ల అష్టభుజి హెచ్చరిక ముద్ర కొట్టిస్తోంది. కంపెనీల మాట చెల్లడం ఎక్కడైనా ఉన్నదే: 1977లో అమెరికా సెనేట్ కమిటీ మాంసం తగ్గించమంటే, పశుపోషకుల ఒత్తిడితో అదే ఏడాది రెండో ముద్రణలో ఆ మాట 'సంతృప్త కొవ్వు తక్కువ చేరేలా మాంసం ఎంచుకోండి' అన్న తీరుకు మారింది.

కొనేటప్పుడు శాతాలు వదిలేసి, 100 గ్రాముల గడిలో యాడెడ్ షుగర్స్ చూడండి. పదార్థాల జాబితాలో బరువెక్కువున్నది ముందుంటుంది. చక్కెర, గ్లూకోజ్ సిరప్, ఇన్వర్ట్ సిరప్ అని విడగొడితే ఒక్కోటీ కిందికి జారుతుంది, మూడూ కలిపి చూడాలి. పిండి పదార్థం నుంచి తీసే మాల్టోడెక్స్‌ట్రిన్ చాలావరకు ఆ షుగర్స్ గడిలోకే రాదు, రక్తంలో గ్లూకోజ్‌ను మాత్రం గబుక్కున పెంచుతుంది.