మిట్టెన్‌వాల్డ్‌లో పోపు పెట్టినందుకు 75 యూరోలు

జర్మనీ, ఆస్ట్రియా సరిహద్దు మీద ఉన్న మిట్టెన్‌వాల్డ్ అంత అందమైన ఊరు నేను బవేరియాలో ఇంకోటి చూడలేదు. అక్కడ మేము దిగిన అపార్ట్‌మెంట్ మాత్రం ఎవరికీ వద్దు. రెండూ చెప్పాలనే ఇది రాస్తున్నాను, ముఖ్యంగా ఊరి నుంచి అమ్మానాన్నల్ని రప్పించుకుని ఆల్ప్స్ చూపిద్దామనుకునే వాళ్ల కోసం.

2025 వేసవిలో మా అమ్మానాన్నలు ఒంగోలు నుంచి మేముండే మ్యూనిక్ వచ్చారు. అమ్మ గుడ్డు కూడా తినదు. అందుకే హోటల్ వద్దనుకుని, వంటిల్లు ఉందని ప్రకటనలో రాసిన అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. ఫొటోల్లో నాలుగు పొయ్యిల స్టవ్, గిన్నెలు, కూరగాయలు కోసుకునే బల్ల, అన్నీ ఉన్నాయి. రాత్రికి 145 యూరోలు, చివర్లో శుభ్రం చేయడానికి 60, డిపాజిట్ 200. బస చేసే పర్యాటకుల నుంచి వసూలు చేసే ఊరి పన్ను వేరే. అది కడితే రాయితీలిచ్చే గెస్ట్ కార్డు ఇస్తారు కాబట్టి దాని గురించి నాకేమీ బాధ లేదు.

మొదటి రాత్రి అమ్మ పప్పు చేసి ఇంగువ, ఎండుమిర్చితో పోపు పెట్టింది. కిటికీలు తీసే ఉన్నాయి, స్టవ్ పైన ఫ్యాన్ కూడా వేశాం. మర్నాడు పొద్దున్నే ఇంటావిడ బెల్ కొట్టింది. గుమ్మంలోనే ఆగి గాలి పీల్చి, మమ్మల్ని అడక్కుండా లోపలికి వచ్చి, అప్పటికే తీసి ఉన్న కిటికీలను ఇంకా బార్లా తెరిచింది. ఈ వాసన గోడలకు పట్టేస్తుంది, తర్వాత వచ్చేవాళ్లు ఉండరు అంది. వంట చేయకూడదని ఎక్కడ రాశారో చూపించమన్నాను. రాయక్కర్లేదు, అది మర్యాద అంది. మరి స్టవ్ ఎందుకు పెట్టారంటే, నూడుల్స్ ఉడకబెట్టుకోవడానికి, కాఫీకి అని జవాబు.

అమ్మకి జర్మన్ ఒక్క ముక్క రాదు, కానీ విషయం అర్థమైపోయింది. ఆవిడ వెళ్లాక, "నా వల్ల నీకు మాట పడింది కదమ్మా" అంది. ఆ తర్వాత నేనెంత చెప్పినా అమ్మ స్టవ్ ముట్టుకోలేదు. సూపర్‌మార్కెట్ పెరుగు, బ్రెడ్డు, మేము తెచ్చుకున్న గోంగూర పచ్చడి, వీటితోనే గడిపేసింది. నాకు డబ్బు పోయినదానికంటే ఇది ఎక్కువ కష్టంగా ఉంది. కూతురింటికి వచ్చి సంతోషంగా తిరగాల్సిన మనిషి, వంట చేసుకున్నందుకు తప్పు చేసినదానిలా తలొంచుకు కూర్చుంది. ఖాళీ చేసి వచ్చిన వారానికి డిపాజిట్‌లో 125 మాత్రమే వెనక్కి వచ్చాయి. "వాసన తొలగింపు" కింద 75 పట్టుకున్నారట. నాన్న వెంటనే వందతో గుణించి "ఏడున్నర వేలా!" అన్నారు.

వంటింటి ఫొటోను నమ్మకండి. బుక్ చేసే ముందే మెసేజ్ పెట్టండి: మేము భారతీయులం, రోజూ వండుకుంటాం, నూనెలో పోపు పెడతాం, మీకు సమ్మతమేనా అని. జవాబు లిఖితపూర్వకంగా ఉండాలి. డిపాజిట్ అడిగే చోట, ఖాళీ చేసేటప్పుడు స్టవ్, గోడలు, సింక్ ఫొటోలు తీసుకోండి. నేను తీశాను, వాటితోనే బుకింగ్ సైట్‌లో ఫిర్యాదు చేశాను. ఇంతవరకు ఉలుకూ పలుకూ లేదు.

ఇక ఆ బాధంతా మరిపించింది లాయిటాష్ లోయ. స్టేషన్ నుంచి పిల్లాడితో మెల్లగా నడిచినా ముప్పావుగంటలో దాని మొదటికి చేరతాం. రెండు నిట్టనిలువు రాతి గోడల మధ్య నది చాలా కింద ఉరుకుతూ ఉంటుంది. ఆ గోడకే ఇనుప చువ్వలు దిగేసి, వాటి మీద జాలీ పలకలతో దారి వేశారు. అడుగు వేసిన చోటల్లా జాలీలోంచి కింద తెల్లటి నురగ కనబడుతుంది. 2006లో తెరిచిన ఈ దారికి టికెట్ లేదు. పక్కనే జలపాతం దాకా వెళ్లే పాత చెక్క దారికి మాత్రం కొద్దిగా ప్రవేశ రుసుము ఉంటుంది. చలికాలంలో ఇవి మూసేస్తారు.

అమ్మకి మోకాళ్ల నొప్పులు. మొదటి పది అడుగులు కమ్మీ పట్టుకుని కళ్లు పైకే పెట్టి నడిచింది. వంతెన దగ్గరికి వచ్చాక మాత్రం మమ్మల్ని పొమ్మని, తనొక్కతే చాలాసేపు కిందికి చూస్తూ నిలబడిపోయింది. లోయలో ఉండే దెయ్యం కథ చెప్పే బోర్డులు దారి పొడవునా ఉన్నాయి. మా అయిదేళ్ల వాడు ప్రతి బోర్డు దగ్గరా తాతయ్యని నిలబెట్టి చదివించుకున్నాడు. జర్మన్ రాని తాతయ్య బొమ్మలు చూసి సొంత కథ అల్లి చెప్పారు.

ఈ నడకలోనే ఆస్ట్రియాలోకి వెళ్లిపోతాం. అది తెలిసిన క్షణం నుంచి నాన్నకి టెన్షన్. ఆయనది సింగిల్ ఎంట్రీ వీసా, ఒకసారి జర్మనీ దాటితే మళ్లీ రానివ్వరేమోనని భయం. షెంగెన్ (ఒకే వీసా చెల్లే యూరప్ దేశాలు) లోపల ఒక దేశం నుంచి ఇంకో దేశానికి నడిస్తే వీసా ఎంట్రీ ఖర్చు కాదని, మా ఆయన ఫోన్‌లో నిబంధన తీసి చూపించాకే ఆయన కాలు కదిపారు. అయితే పాస్‌పోర్ట్ మాత్రం జేబులో ఉండాల్సిందే. ఆస్ట్రియా వైపు నుంచి వచ్చే రైళ్లలో జర్మన్ పోలీసులు తనిఖీ చేస్తారు, ఫోన్‌లో ఫొటో చాలదు.

మిట్టెన్‌వాల్డ్ నుంచి కార్వెండెల్ కొండ మీదికి వెళ్లే కేబుల్ కార్ తలా 40 యూరోల పైనే అయింది. పది నిమిషాల్లో 933 మీటర్ల నుంచి 2244 మీటర్లకు తీసుకెళ్తుంది. పైన టెలిస్కోప్ ఆకారంలో కట్టిన ఒక భవనం కొండ అంచు దాటి గాల్లోకి పొడుచుకొచ్చి ఉంది. దాని చివర అద్దం దగ్గర నిలబడితే ఊరంతా కాళ్ల కింద ఉంటుంది, ఎరుపు రంగు రైలు అగ్గిపెట్టెల వరసలా పాకుతూ పోయింది. అంచు చుట్టూ తిరిగే దారికి గంట పడుతుంది. రాళ్ల దారి, మంచి బూట్లు లేకుండా వద్దు. అమ్మానాన్నలు రెస్టారెంట్ బయట ఎండలో కూర్చున్నారు, మేము ఆ దారంతా చుట్టి వచ్చాం. అక్కడ కైజర్‌ష్మార్న్ అని ముక్కలు చేసిన తీపి అట్టు, ఆపిల్ గుజ్జుతో, 14.50 యూరోలు. మావాడు ఒక్కడే దాదాపు ప్లేటంతా తినేశాడు. గుడ్డు తినని వాళ్లు జాగ్రత్త, అందులో గుడ్లు బాగా వేస్తారు.

జుగ్‌స్పిట్జె కూడా చూశాం. 2962 మీటర్లు, జర్మనీలో ఎత్తయిన శిఖరం, పెద్దవాళ్లకి 70 యూరోలు దాటిన టికెట్, బంగారు రంగు శిలువ, విపరీతమైన జనం. పైన నాన్నకి కాస్త ఆయాసం వచ్చింది. బడ్జెట్‌లో ఒక్క కొండకే చోటుంటే నేను కార్వెండెల్‌కే వెళ్లమంటాను. జుగ్‌స్పిట్జె కింద ఉన్న ఐబ్జే సరస్సు చూడటానికి ఎలాగూ కేబుల్ కార్ ఎక్కక్కర్లేదు.

లౌటర్‌జే సరస్సు దగ్గర ఒక మధ్యాహ్నం ఏమీ చేయకుండా గడిపాం. అమ్మ అక్కడే మొదటిసారి ఇంటావిడ మాట ఎత్తకుండా కడుపునిండా తిన్నది, మ్యూనిక్ నుంచి తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టిన పులిహోర.

రైలు విషయం. 2025లో డాయిచ్‌లాండ్ టికెట్ నెలకి 58 యూరోలు, ప్రాంతీయ రైళ్లలో మిట్టెన్‌వాల్డ్ దాకా చెల్లుతుంది. ఆరేళ్ల లోపు పిల్లలకి టికెట్ అక్కర్లేదు. అమ్మానాన్నలకి కూడా అదే తీసుకున్నాం. అది చందా పద్ధతి కాబట్టి ఆ నెల 10వ తేదీలోపు రద్దు చేయాలి, లేకపోతే వాళ్లు ఊరెళ్లిపోయాక కూడా డబ్బులు కట్ అవుతాయి. ఒక్కరోజు పాస్ అయిన బవేరియా టికెట్ అయితే మామూలు రోజుల్లో పొద్దున 9 తర్వాతే పనికొస్తుంది, డాయిచ్‌లాండ్ టికెట్‌కి ఆ పట్టింపు లేదు.

మ్యూనిక్ నుంచి రెండు గంటల్లోపు ప్రయాణమే. వచ్చే వేసవికి మా అత్తయ్యా మావయ్యా వస్తున్నారు. వాళ్లని లాయిటాష్‌కి తప్పకుండా తీసుకెళ్తాను, కానీ పొద్దున్నే టిఫిన్ బాక్సులు కట్టుకుని బయల్దేరి రాత్రికి ఇంటికే వచ్చేస్తాం.