అసాధారణ ప్రవర్తన మీద ఆన్‌లైన్ కోర్సు: నా రివ్యూ

సైకాలజీ చదవనివాళ్లు కూడా ఈ కోర్సు ధైర్యంగా తీసుకోవచ్చు. ఎవరైనా నలుగురిలా లేకపోతే చాలు 'ఏదో తేడా' అనేస్తాం కదా, మానసిక రుగ్మత అనడానికి ఆ తేడా ఒక్కటే సరిపోదని, మనిషి లోపల ఎంత బాధపడుతున్నాడు, పని, నిద్ర, బంధాలు ఎంత దెబ్బతిన్నాయి, తనకో ఇతరులకో ప్రమాదం ఉందా అన్నవన్నీ కలిపి చూడాలని మొదటి పాఠంలోనే ఓపిగ్గా చెప్పారు. మేధావులూ అరుదే, అంతమాత్రాన రోగులు కారు. నన్ను బాగా కదిలించింది మాత్రం 1973 గురించిన పాఠం: అంతవరకు రుగ్మతల జాబితాలో ఉన్న స్వలింగ ఆకర్షణను అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ ఆ ఏడాది తీసేసింది, అంటే మామూలుకీ రుగ్మతకీ మధ్య గీత ఎక్కడ గీయాలన్నది కాలంతో పాటు మారుతుందన్నమాట (ఇది స్కూల్లోనే చెప్పాల్సిన విషయం). సంస్కృతి ప్రభావాన్ని ఒక్క వీడియోతో సరిపెట్టడం నాకు నచ్చలేదు. క్విజ్‌లు బాగున్నాయి.