అరకు ఘాట్: ఎనిమిది వారాల సాధన, ఒక్క రాత్రి బస

నా కడుపుమంట ముందే చెప్పేస్తాను. ఎనిమిది వారాలు చెమటోడ్చి కూడగట్టుకున్న సత్తువని అరకులో ఒక లాడ్జి ఒక్క రాత్రిలో పాడుచేసింది.

బావకీ నాకూ 200 కిలోమీటర్ల బ్రెవే, అంటే గడువులోగా పూర్తిచేయాల్సిన దూరపు సైకిల్ సవారీ, తొక్కాలని కోరిక. దానికి గడువు 13 గంటల 30 నిమిషాలు. అందుకే ఈ పరీక్ష: విశాఖ నుంచి అరకు 115 కిలోమీటర్లు, మర్నాడే తిరుగు ప్రయాణం. అలిసిన కాళ్ళు రెండో రోజు మాట వింటాయా లేదా అన్నదే తేలాలి.

మంగళ, గురువారాలు తెల్లారకముందే కైలాసగిరి ఎక్కేవాళ్ళం. మొదటి వారం రెండుసార్లు, ఆరో వారానికి ఐదుసార్లు. ఆదివారాలు భీమిలి రోడ్డు, 60 కిలోమీటర్లతో మొదలెట్టి 110 దాకా. నాలుగో వారం అన్నీ సగానికి తగ్గించాం. బావ విసుక్కున్నాడు గానీ, ఆ వారం తర్వాతే మా కాళ్ళు తేలికపడ్డాయి. ఎక్కుడు తేలికవ్వాలని వెనక గేర్ల సెట్టు 11-28 (పెద్ద చక్రానికి 28 పళ్ళు) తీయించి 11-34 వేయించాను, చైనుతో కలిపి 2,600 అయింది. కొండ తొక్కేవాళ్ళు ముందు డబ్బు పెట్టాల్సింది దీనిమీదే.

శృంగవరపుకోట దాకా హాయిగా సాగింది. ఘాట్ మొదలవగానే బావ ముందుకి ఉరికాడు, డముకు వచ్చేసరికి మొహం వాడిపోయి చెట్టు కింద కూర్చున్నాడు. పక్కవాడితో ఆయాసం లేకుండా మాట్లాడగలిగినంత వేగమే ఎక్కుడులో సరైన వేగం. ఆకలి వేసేదాకా ఆగకూడదు కూడా, ముప్పావుగంటకోసారి అరటిపండో పల్లీపట్టీయో నోట్లో పడాలి.

అనంతగిరి దగ్గర ఒక పాకలో చోడి (రాగి) అంబలి దొరికింది. గ్లాసు 20 రూపాయలు, పక్కన ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. "తాగు బాబూ, ఇంకా కొండ ఉంది" అని ఆ అమ్మ రెండోసారి పోసినదానికి డబ్బు తీసుకోలేదు. బావ మొహంలోకి కళ వచ్చింది. ఆ చల్లని పులుపు మీదే గాలికొండ ఎక్కేశాం. రెండింటికల్లా అరకు.

ఇక లాడ్జి. అద్దె 2,400, ముందే కట్టాం. సైకిళ్ళు గదిలో పెట్టుకోవచ్చని ఫోన్లో రెండుసార్లు అడిగి మరీ.

"సైకిళ్ళు లోపలికి రావు సార్. బయట షెడ్డులో పెట్టండి, రెండొందలు."

"గదిలో పెట్టుకోమని మీరే చెప్పారు కదండీ?"

"ఎవరు చెప్పారో నాకు తెలీదు."

గీజరు పనిచేయదు, వేడినీళ్ళు బకెట్ 50. ఏడున్నరకి భోజనం అన్నారు, పెట్టింది తొమ్మిదిన్నరకి. అంత దూరం తొక్కాక వెంటనే అన్నం పడకపోతే కండరాలు త్వరగా కోలుకోవని వీళ్ళకి తెలియనక్కర్లేదు, ఇచ్చిన మాట నిలబెట్టుకుంటే చాలు. షెడ్డుకి తలుపు లేదు. బావ రాత్రి మూడుసార్లు లేచి సైకిళ్ళు చూసొచ్చాడు. పొద్దున్న ఐదున్నరకి బయల్దేరాలని మా లెక్క, గేటు తాళం తీసింది ఏడుంబావుకి.

అరకు నుంచి అంతా దిగుడే అనుకుంటారు. కాదు, సుంకరమెట్ట మీదుగా గాలికొండ దాకా మళ్ళీ ఎక్కాలి. నిద్రలేని కాళ్ళకి ఆ ఎక్కుడు నిన్నటి ఘాట్ కంటే బరువైంది. తర్వాత దిగుడులో రిమ్ బ్రేకులు అదేపనిగా పట్టుకోకండి, పట్టి వదులుతూ ఉండాలి. లేకపోతే రిమ్ము వేడెక్కి ట్యూబు పోతుంది. ఆలస్యమైన ఆ గంటా ముప్పావుకి శిక్షగా శృంగవరపుకోట తర్వాత మైదానమంతా మిట్టమధ్యాహ్నపు ఎండలో తొక్కాం. కొత్తవలసలో చెరుకురసం తాగేదాకా బావ ఒక్క మాట మాట్లాడలేదు.

ఘాట్‌కి వెళ్ళేవాళ్ళు గది అద్దె కంటే ముందు సైకిల్ ఎక్కడ పెట్టాలి, భోజనం ఎన్నింటికి, గేటు ఎన్నింటికి తీస్తారు అని అడగండి. జవాబు మెసేజ్‌లో రాయించుకోండి.

వచ్చే నెల మేం అనంతగిరిలోనే బస చూస్తున్నాం. మర్నాడు పొద్దున్నే అరకు వెళ్ళొచ్చి అటునుంచటే కిందికి దిగితే ఎక్కుడు ఏమీ తగ్గదు, దారిలో చోడి అంబలి రెండుసార్లు తాగొచ్చు.