సముద్రయాన చరిత్ర, క్రైస్తవ విశ్వాసం వినాలంటే: లిబ్రివాక్సా, కొన్న ఆడియోబుక్కా?

ఖర్చు: లిబ్రివాక్స్ (ఆడియోబుక్కుల వెబ్‌సైట్) ఉచితం, కానీ అమెరికాలో కాపీరైట్ తీరిన పుస్తకాలే ఉంటాయి. కొత్త పరిశోధన కావాలంటే కొనాల్సిందే.

గొంతు: లిబ్రివాక్స్‌లో చదివేది వలంటీర్లు. అధ్యాయానికో గొంతు మారితే ఓడ పదాలు తికమకపెడతాయి: ‘బోట్‌స్వెయిన్’ (ఓడ పనివాళ్ల పెద్ద) అని రాసి ‘బోసన్’ అంటారు, ‘ఫోర్‌కాజిల్’ (ఓడ ముందు భాగం)ని ‘ఫోక్సల్’ అంటారు. ‘సోలో’ (పుస్తకమంతా ఒకే గొంతు) అన్నవే ఎంచుకోండి. కొనేదైతే ముందు నమూనా వినండి.

ఫైలు: లిబ్రివాక్స్ 64 కేబీపీఎస్ ఎంపీ3 గంటకు దాదాపు 29 ఎంబీ, ఏ ఫోన్‌లోనైనా మోగుతుంది. కొన్నది తరచూ ఒకే యాప్‌కి కట్టుబడి ఉంటుంది.

చిక్కు: ఉచితంగా దొరికే 19వ శతాబ్దపు మిషనరీ యాత్రాకథనాల్లో వలస పాలకుల చూపు దాగదు.

పౌలు ఓడ బద్దలైన ఘట్టం (బైబిల్లో అపొస్తలుల కార్యములు 27, ఓడలో 276 మంది), పాత నావికుల కథనాలకు ఉచితం చాలు. ఆ ఓడల నిర్మాణంపై నేటి పురావస్తు వివరణకైతే కొనండి.