వెల్డర్ ఐటీఐయా, పాలిటెక్నిక్ డిప్లొమానా?

సోంపేట, కవిటి వైపు పదో తరగతి పాసైన కుర్రాడు ఆయిల్, గ్యాస్ పనుల్లోకి వెళ్లాలనుకుంటే ముందు కనిపించేవి రెండు దారులు. ఐటీఐలో వెల్డర్ ట్రేడ్ ఏడాదిలో అయిపోతుంది. పాలిసెట్ రాసి శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో డిప్లొమా చేస్తే మూడేళ్లు.

ఇంట్లో తొందరగా డబ్బు కావాలంటే నా ఓటు వెల్డింగ్‌కే. అయితే అక్కడ సర్టిఫికెట్ కన్నా చేతిపని చూస్తారు. 6జీ టెస్ట్ అని ఒకటుంది. పైపును 45 డిగ్రీల వాలులో బిగించేస్తారు, తిప్పడానికి వీల్లేదు. వెల్డరే దాని చుట్టూ వంగి, ఒదిగి అతుకు వెయ్యాలి. పైకి ఎంత నున్నగా ఉన్నా ఎక్స్‌రేలో పగులు కనబడిందా, ఫెయిలే. గల్ఫ్ వెళ్లేవాళ్లకి అసలు టెన్షన్ ఇక్కడే. (ఏజెంటుకి డబ్బు కట్టకముందే దీన్ని బాగా సాధన చెయ్యండి బాబూ!)

డిప్లొమా వాళ్ల లెక్క వేరు. కంట్రోల్ రూమ్‌లో ప్రెజర్, టెంపరేచర్ కనిపెట్టుకుని ఉండటం, పంపులు, వాల్వుల మరమ్మతులు దగ్గరుండి చేయించడం లాంటి పనులు. పైగా ఈసెట్ రాస్తే నేరుగా ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో చేరొచ్చు. మూడేళ్లు ఇల్లు గడిచే వీలుంటే ఇదే మేలు.