డ్రై ఐస్‌లో వచ్చిన చర్మకణాలు: అయిదుకి నాలుగు

కృత్రిమ చర్మం పెంచడం మా ల్యాబ్‌లో నా పని. ఇన్నాళ్లూ పక్క ల్యాబ్ వాళ్లిచ్చిన కణాలతో నెట్టుకొచ్చాను. ఈసారి డబ్బు పెట్టి నవజాత శిశువుల డెర్మల్ ఫైబ్రోబ్లాస్టులు, అంటే చర్మం లోపలి పొరలో ఉండే కణాలు, కొన్నాం. సున్తీ చేశాక పారేసే చర్మం నుంచి, తల్లిదండ్రుల అనుమతితో తీసినవి. ఒక్క వయల్ (చిన్న సీసా), 5 లక్షల కణాలు.

పార్సిల్ దారిలో మూడు రోజులు ఇరుక్కుంది. డబ్బా తెరిస్తే డ్రై ఐస్ గుప్పెడే మిగిలింది. ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

37 డిగ్రీల నీళ్లలో వయల్ ఊపుతూ, చిన్న మంచు పలుకు ఉండగానే బయటికి తీశాను. గడ్డకట్టించేటప్పుడు కణాలు పాడవకుండా కలిపే డీఎంఎస్‌ఓ అనే ద్రవం, కరిగాక వాటికే హాని చేస్తుంది, తాత్సారం చేయకూడదు. చచ్చిన కణాలకే అంటుకునే ట్రైపాన్ బ్లూ రంగుతో లెక్కపెడితే 82 శాతం బతికున్నాయి. కాగితం మీద రాసింది 90. ఒక స్టారు అక్కడే పోయింది.

మర్నాడు మాత్రం కదురుల్లా సాగి ఫ్లాస్కుకి చక్కగా అతుక్కున్నాయి. అసలు పరీక్ష కొల్లాజెన్ (చర్మానికి బిగువునిచ్చే ప్రొటీన్) జెల్‌లో ఈ కణాలు కలిపి చూడటం. 1979లో జీవశాస్త్రవేత్త యూజీన్ బెల్ బృందం చూపించిన పద్ధతే, కణాలు జెల్‌ను లాగి బిగిస్తాయి. 35 మిల్లీమీటర్ల బిళ్ళ అయిదు రోజుల్లో పాత పావలా అంతైంది! పైన కెరటినోసైట్లు (చర్మం పైపొర కణాలు) పరిచి గాలి తగలనిస్తే రెండు వారాల్లో పైపొర గట్టిపడింది.

షుగర్ పుండ్ల మీద పనిచేసేవాళ్లు పెద్దల కణాలే కొనండి, పసివాళ్లవి మరీ చురుకు, ఆ పుండ్లకి పోలిక రాదు. అదే లాట్ మళ్లీ అడిగితే అయిపోయిందన్నారు.